భ్రమరాంబ దణ్ణం

గురువారం పొద్దున్న పదింటికి భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డప్పుడు నూకాలు చూసింది ఆమె మొహం కాదు, చంకలో బిగించి పట్టుకున్న గుడ్డసంచి. పరామర్శకి వచ్చిన మనిషి సంచిలోంచి రెండు బత్తాయిలో, అరటిపళ్ళో తీసి మంచం పక్కన పెడుతుంది. ఈమె ఏమీ తియ్యలేదు. సంచి కింద పెట్టనూ లేదు.

"ఆయన్ని చూసెళ్దామని వచ్చానండి. కాసేపు దేవుణ్ణి తల్చుకుంటా కూర్చుంటాను. మీకేం ఇబ్బంది లేదు కదండీ?"

అత్తగారు జోగమ్మ చోళ్ళు చెరుగుతున్నదల్లా చేట పక్కన పెట్టింది. "ఇబ్బందేటమ్మా, రా, కూకో" అని పీట జరిపింది.

కంచరపాలెంలోని ఆ లైను ఇళ్ళలో భ్రమరాంబ వాళ్ళది అటు చివరి గది. గోదావరి వైపు నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఆమె భర్త చలమయ్య, నూకాలు భర్త కామరాజు పోర్టులో ఒకే గ్యాంగు. చలమయ్య ఓడ మీద సరుకు ఎత్తి దించే వించి నడుపుతాడు, కామరాజు కింద జెట్టీ మీద నిలబడి దిగిన సరుకు విప్పిస్తాడు. మగాళ్ళు కలిసి డ్యూటీకి వెళ్ళినా ఈ రెండేళ్ళలో భ్రమరాంబ కొళాయి దగ్గర నవ్వి తప్పుకోవడమే తప్ప గడప తొక్కింది లేదు. ఇరవైరెండు రోజుల కిందట ఎరువుల బస్తాలు దించుతుండగా వైరు తెగి లోడంతా కామరాజు మీద పడినప్పుడు రాలేదు. ఆస్పత్రిలో ఉన్న పదహారు రోజులూ రాలేదు. ఇంటికి తెచ్చి ఆరు రోజులయ్యాక, ఇవాళ దేవుడు గుర్తొచ్చాడు.

కామరాజు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నడుముకి పెద్ద కట్టు. తలకి తగిలిన దెబ్బకి మాట పడిపోయింది. మాత్రల మగతలో సగం పొద్దు నిద్ర, సగం పొద్దు వాసాల కేసి చూపు. వెన్ను అతకడానికి నెలలు పడుతుందనీ, మాట నిదానంగా రావచ్చనీ, పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టాలనీ డాక్టరు చెప్పి పంపాడు.

భ్రమరాంబ పీట లాక్కుని మంచానికి కుడివైపు కూర్చుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. నూకాలు పొయ్యి దగ్గర చోడంబలి కలుపుతూ ఓరగా చూస్తూనే ఉంది. మూసిన రెప్పల కింద గుడ్లు కుదురుగా లేవు. ఒకసారి రెప్ప కాస్త విడింది. ఆ చూపు కామరాజు మొహం మీదికి పోలేదు, దుప్పటి బయట పడున్న అతని కుడిచేతి మీద ఆగింది.

నూకాలు గరిటె గిన్నె అంచున కొట్టింది. రెప్ప మూసుకుంది.

పదకొండు అవుతుంటే ఆయన్ని తిప్పాల్సిన వేళయింది. నూకాలు మంచానికి ఎడమవైపు వెళ్ళి, ఒక చెయ్యి అతని భుజం కింద, ఒక చెయ్యి తొడ కింద దూర్చింది. ఆరు రోజులుగా చేస్తున్న పనే. ఎత్తిన ప్రతిసారీ నడుములో ఏదో పట్టేసినట్టు నొప్పి వస్తుంది. జోగమ్మకి చేతుల్లో పట్టు లేదు, తల పట్టుకోవడం వరకే.

"నేను పట్టుకుంటానండి ఇటు" అని భ్రమరాంబ లేచింది. సంచి చంకలోనే ఉంచుకుని, కట్టు కదలకుండా తుంటి కింద అరచేతులు పెట్టి, నూకాలు ఊపిరికి తన ఊపిరి కలిపి ఒక్క ఊపున తిప్పింది. పనిచేసిన చేతులు. నూకాలు భర్త వీపు మీద పౌడరు జల్లుతూ, ఇంత సుళువుగా తిరిగిన రోజు ఇదే కదా అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

భ్రమరాంబ వెళ్ళాక జోగమ్మ తృప్తిగా నిట్టూర్చింది. "సింహాద్రి అప్పన్నే పంపించాడు ఆ పిల్లని."

"అప్పన్న పంపాడో, మరెవులు పంపారో" అంది నూకాలు.

"నీకు అన్నిటికీ అనుమానమేనే. ఆయన మీద బారం ఏసి ఉండు."

"నాను ఎయ్యనత్తా. ఏసినోల్ల బారం ఎవులు మోత్తన్నారో రోజూ సూత్తన్నాను గదా."

*

శుక్రవారం భ్రమరాంబ మళ్ళీ అదే వేళకి వచ్చింది. అదే పీట, అదే కుడివైపు, అదే సంచి. ఆ అండీలు ఎక్కువైన మాటలంటే నూకాలుకి మొదట్నుంచీ నమ్మకం తక్కువ. గంటసేపూ గది విడిచిపెట్టి కదల్లేదు. బియ్యంలో రాళ్ళు లేకపోయినా ఏరుతూ కూర్చుంది.

సాయంత్రం గ్యాంగు సూపర్వైజరు శ్రీరామ్మూర్తి స్కూటరు మీద వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు.

"మంగళవారం విచారణకి ఆఫీసరు వస్తున్నాడు, నూకాలమ్మా. మనిషి కదల్లేడు కాబట్టి ఇక్కడికే తీసుకొస్తాను." గొంతు తగ్గించాడు. "నీ మంచి కోరి చెప్తున్నాను. ఆ రోజు కామరాజు కాస్త పుచ్చుకుని డ్యూటీకొచ్చాడని అంటున్నారు. వద్దన్నా వినకుండా లోడు కిందకి వెళ్ళాడని కూడా."

"ఎవులన్నారు బాబూ?"

"ఎవరో ఒకరు. అది పట్టుకుని నువ్వు గొడవ చెయ్యకు. తప్పు ఒప్పేసుకుంటే మావాళ్ళు దయ తలచి ఏదో ఒకటి చేస్తారు. లేదంటావా, మాట లేని మనిషి తరఫున ఎవరు మాట్లాడతారు చెప్పు."

నూకాలు గుమ్మం కమ్మీ పట్టుకుని నిలబడింది. కామరాజు కల్లు కూడా ముట్టని మనిషి. ఆ సంగతి ఈయనకీ తెలుసు.

స్కూటరు తిప్పుకుంటూ శ్రీరామ్మూర్తి, "చలమయ్య భార్య రోజూ వచ్చి ప్రార్థన చేస్తోందట కదా. మంచిదే. చేసుకోనివ్వు" అన్నాడు.

స్కూటరు చప్పుడు రైలుగేటు దాటేదాకా నూకాలు అక్కడే ఉంది. భ్రమరాంబ వచ్చింది రెండుసార్లు. నిన్నా, ఇవాళా. ఆ మాట కొళాయి దగ్గర ఆడాళ్ళకే ఇంకా పూర్తిగా తెలీదు. ఈయనకి రోజూ అని ఎవరు చెప్పారు?

*

శనివారం జోగమ్మ తెల్లారకుండానే కాలినడకన సింహాచలం బయల్దేరింది. పదింటికి భ్రమరాంబ వచ్చింది. నూకాలు అప్పటికే ఒక నిశ్చయానికొచ్చి ఉంది. రెండు బిందెలు తీసుకుని, "కొళాయి కాడ పెద్ద వరసుంది. అరగంట పడతాది. ఆయన్ని కాస్త సూత్తండు" అంది.

"అలాగేనండి" అన్న ఆ మాటలో తడబాటు నూకాలు చెవిని దాటిపోలేదు.

సందు మలుపులో బిందెలు దించి, చెప్పులు విప్పి, ఇంటి వెనక్కి తిరిగి వచ్చింది. ఖనిజం దుమ్ము పేరుకుని ఎర్రబడిపోయిన కిటికీ తలుపుకి కింద చెక్క విరిగి వేలు పట్టేంత సందుంది. అక్కడ కన్ను ఆనించింది.

భ్రమరాంబ కళ్ళు తెరిచే ఉంది. గుమ్మం కేసి చూసింది. లేచి వెళ్ళి సందులోకి తొంగి చూసి వచ్చింది. మళ్ళీ కూర్చుని సంచి ఒళ్ళోకి తీసుకుని లోపలికి చెయ్యి పెట్టింది. నూకాలు గోడని అరిచేత్తో నొక్కి పట్టుకుంది, అరుపు బయటికి వచ్చేస్తుందేమోనని.

ఆ చెయ్యి సంచిలోనే చాలాసేపు ఉండిపోయింది. తర్వాత ఖాళీగా బయటికొచ్చింది. భ్రమరాంబ రెండు చేతులూ జోడించింది, వంగింది, నుదురు మంచంకోడుకి తగిలేదాకా వంగింది. భుజాలు కదులుతున్నాయి. ఈసారి మాట వినిపించింది. "నా వల్ల కాదు తండ్రీ. నా వల్ల కాదు." అదే మాట, మళ్ళీ మళ్ళీ.

నూకాలు కన్ను తీసేసి గోడకి వీపు ఆనించి నిలబడింది. చూసేవాళ్ళుంటే నటించిందనుకోవచ్చు. ఎవరూ లేని గదిలో, మాట లేని మనిషి ముందు ఎవరి కోసం నటిస్తుంది? అనుమానం తగ్గలేదు. ఇన్నాళ్ళూ దానికో మొహం ఉండేది, ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

ఖాళీ బిందెలతో లోపలికి వచ్చి, "నీల్లు ఆగిపోనాయి" అంది. భ్రమరాంబ కళ్ళు తుడుచుకుని లేచింది. ఇద్దరూ కలిసి కామరాజుని తిప్పారు.

సాయంత్రం జోగమ్మ కొండ మీంచి చిన్న ఆకుపొట్లంలో గంధం తెచ్చింది. కొడుకు నుదుటికి రాసి, కోడలికి ఇవ్వబోయింది. నూకాలు చెయ్యి చాపలేదు.

"ఏడాదికొక్కరోజు తప్ప మొకం సూపించని దేవుడు గదత్తా ఆయన. మిగతా అన్నాల్లూ గందం కప్పుకొని కూకుంటాడు. ఆ వైరు తెగిననాడు లోపల్నుంచి ఏటి సూత్తన్నాడో ఎవులికి తెలుసు?"

జోగమ్మ కోప్పడలేదు. పొట్లం మడిచి గూట్లో పెట్టింది. "నాకూ తెల్దమ్మా" అంది. "తెలిసినోల్లకి దణ్ణంతో పనేటుంటాది?"

*

ఆదివారం భ్రమరాంబ రాలేదు. సోమవారం మిట్టమధ్యాహ్నం, జోగమ్మ వసారాలో కునుకు తీస్తుండగా వచ్చింది. పీట మీద కూర్చోలేదు. సంచి తెచ్చి నూకాలు ముందు నేల మీద పెట్టింది.

"తీసి చూడండి."

లోపల రేకు డబ్బాలో సిరా దిండు ఉంది. నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. నూకాలుకి చదువు రాదు. కాగితం విప్పి అటూ ఇటూ తిప్పి భ్రమరాంబ కేసి చాపింది. భ్రమరాంబ అక్కడే గోడవారగా కూలబడి చదివింది. కామరాజు అనే నేను ఆ రోజు మత్తులో ఉండి, పైవాళ్ళు హెచ్చరించినా వినకుండా లోడు కిందకి వెళ్ళాను, ఈ ప్రమాదానికి పూర్తిగా నేనే బాధ్యుణ్ణి. కింద వేలిముద్రకి చోటు వదిలి ఉంది.

చదివింది కాగితంలో ఉన్నదేనా అని ఒక్క క్షణం నూకాలుకి తట్టింది. తన తప్పు తనే కల్పించి చదివే మనిషి ఉంటుందా అని మరుక్షణం తోచింది.

"నాను ముందే అనుకున్నాను" అంది. గొంతులో వేడి లేదు. ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

"మీరనుకున్నది నిజమేనండి. శ్రీరామ్మూర్తిగారే ఇచ్చారు. ఇద్దరిలో ఒకడి తప్పు తేలాలమ్మా, కామరాజుది కాకపోతే వించి నడిపిన నీ మొగుడిదే అవుతుంది, ఆడదానివి, నీ మీద అనుమానం రాదు, ప్రార్థన పేరు చెప్పి వెళ్ళు, వేలిముద్ర ఒక్క క్షణం పని అన్నారు." భ్రమరాంబ చెంగు కొస వేలికి చుట్టుకుంటోంది. "మొదటిరోజు దొంగదణ్ణమేనండి. మీరెప్పుడు బయటికెళ్తారా అని చూసేదాన్ని. కానీ గంటసేపు పెదాలు కదపాలి కదా. ఏం తల్చుకోవాలో తెలీక, ఈ పని నా చేత చేయించకు స్వామీ అని ఒక్కటే అనుకునేదాన్ని. వేషానికి మొదలెట్టిన మాట అండి అది. శనివారం మీరు నీళ్ళకెళ్ళారు. వీలు దొరికింది. చెయ్యి లేవలేదు."

"మీ ఆయనకి తెలుసా?"

"నిన్న చెప్పాను. ఆ వైరు పోగులు లేచిపోయిందనీ, మార్చమనీ మీ ఆయన ఆ పొద్దున్నే శ్రీరామ్మూర్తిగారితో అన్నారట. మాయన పక్కనే ఉన్నాడు. ఈ ఓడ అయ్యాక చూద్దాంలే అన్నారట ఆయన. అప్పట్నుంచీ మాయన అన్నం ముందు కూర్చుంటాడు, చెయ్యి కడిగేసుకుంటాడు."

"రేపు ఆ మాట సెప్తాడా?"

"చెప్పమన్నాను. చెప్తే పని పోతుంది. చెప్తాడో లేదో నాకు తెలీదండి. ఆపైన దేవుడి మీదే భారం."

ఆ మాట వినగానే నూకాలుకి ఒళ్ళు మండింది. "అందరూ ఆయన మీదే పడేత్తారు. ఎల్లు తల్లీ. ఇంక ఎల్లు."

కాగితం నడుముకి దోపుకుంది. భ్రమరాంబ సిరా దిండు తీసుకుని వెళ్ళిపోయింది.

తిప్పాల్సిన వేళ దాటిపోయింది. జోగమ్మని లేపబుద్ధి కాక నూకాలు ఒక్కతే మంచం దగ్గరకి వెళ్ళింది. భుజం కింద చెయ్యి, తొడ కింద చెయ్యి. ఎత్తింది. సగం తిరిగాక నడుము పట్టేసింది. ముందుకి తొయ్యలేకపోయింది, వెనక్కి వదల్లేకపోయింది. వదిలితే కట్టు కదులుతుంది. కామరాజు బరువంతా ఆమె గుండెల మీద ఆగింది. అతని తల ఆమె మెడ దగ్గర ఉంది. ఊపిరి వెచ్చగా తగులుతోంది. కళ్ళు తెరిచి చూస్తున్నాడు, భయంగా.

ఇరవయ్యారు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్తని పిలుద్దామని నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"అప్పన్నా, నీ మొకం నాకు అగుపడదు. నీ మీద నాకు నమ్మకం కూడా లేదు, అబద్దం ఎందుకు ఆడాల. గాని నాను ఒక్కద్దాన్నీ మొయ్యలేకపోతన్నాను. ఇటుపక్క కాస్త పట్టు."

ఎవరూ వచ్చి పట్టలేదు. ఆమె అలాగే నిలబడింది, పది ఊపిర్లో, ఇరవయ్యో. నడుములో పట్టు మెల్లగా సడలింది. మోకాలు మంచంపట్టెకి ఆనించి, దిండు కాలితో దగ్గరకి లాక్కుని, అతని వీపు వెనక్కి చేర్చింది. బరువు తగ్గలేదు. కానీ ఇన్నాళ్ళూ లోపల పళ్ళు బిగించి ఉన్నదేదో వదులైంది. కామరాజు చెంప మీద పడ్డ తన కన్నీళ్ళు తుడిచింది.

*

మంగళవారం ఆఫీసరు వచ్చాడు. దళసరి కళ్ళద్దాల సన్నటి మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, కామరాజు కేసి కాసేపు చూసి, కాగితాలు తెరిచాడు. వసారా నిండా లైనువాళ్ళు. భ్రమరాంబ అందరికన్నా వెనక నిలబడింది.

శ్రీరామ్మూర్తి తడుముకోకుండా చెప్పాడు. మత్తు, హెచ్చరిక, మొండితనం.

"అతని వాంగ్మూలం ఉందన్నారు?" అని ఆఫీసరు అడిగాడు.

శ్రీరామ్మూర్తి చూపు వసారాలోకి పోయి భ్రమరాంబని వెతికింది. ఆమె నేల చూస్తోంది. "మనిషి పరిస్థితి చూస్తున్నారు కదండీ. వీలు పడలేదు. వించిమేను వచ్చాడు, అడగండి."

చలమయ్య లోపలికి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. కాలి బొటనవేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆఫీసరు ఏం జరిగిందని అడిగాడు.

నూకాలు చెయ్యి నడుము దగ్గర కాగితం మీద ఉంది. ఇతను అబద్ధం చెప్పి, అది రాతలోకి ఎక్కిపోయాక ఈ కాగితం తీసినా ఏం లాభం? తీస్తే ఇప్పుడే తియ్యాలి. తీస్తే మొదట దొరికిపోయేది భ్రమరాంబ. ఆ గదిలో నమ్మదగ్గ మొహం ఒక్కటీ కనబడలేదు నూకాలుకి. మూల జోగమ్మ పెదాలు కదులుతున్నాయి. వసారాలో ఇంకెవరివో కూడా కదులుతున్నాయి.

నూకాలు చెయ్యి తీసేసింది. సరే అప్పన్నా, నువ్వే సూడు, అనుకుంది.

"ఆ వైరు పోగులు లేచిందండి." చలమయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "పొద్దున్నే కామరాజు చెప్పాడు. ఈయనకే చెప్పాడు. ఈ ఓడకి చాల్లే అన్నారు. నేనక్కడే ఉన్నానండి, విన్నాను. విని కూడా వించి నడిపాను. కామరాజు తాగడు."

ఆఫీసరు కలం ఆగలేదు. శ్రీరామ్మూర్తి ఏదో అనబోతే ఎడమచేత్తో ఆగమన్నాడు. అంతా రాసుకున్నాక నూకాలు వైపు తిరిగాడు. "ఆ రోజు మీ ఆయన ఏమైనా తాగాడా అమ్మా?"

"చోడంబలి తాగి ఎల్లాడు బాబూ. ఇంకేటీ తాగలేదు."

ఆ కాగితాలు పై ఆఫీసుకి వెళ్ళి ఫలితం తేలేసరికి దసరా దాటింది. కంపెనీ తప్పు ఒప్పుకుని వైద్యం తన మీద వేసుకుంది. శ్రీరామ్మూర్తిని ఓడల దగ్గర్నుంచి తీసేశారు. చలమయ్యకి పని పోయింది. చాన్నాళ్ళు కూలికి తిరిగి, ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాక అక్కడ చేరాడు. కామరాజుకి చలికాలంలో మాట వచ్చింది, కర్రసాయంతో నడక వచ్చింది. ఓడ దగ్గరికి మాత్రం మళ్ళీ పోలేదు, గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. అవన్నీ తర్వాతి మాటలు.

విచారణ మర్నాడు, బుధవారం, ఇవేవీ ఎవరికీ తెలీవు. పది దాటింది, పదిన్నరయింది. భ్రమరాంబ రాలేదు. నూకాలు రెండుసార్లు సందులోకి చూసింది. అత్తని మంచం దగ్గర కూర్చోబెట్టి, లైను చివరి గదికి నడిచి వెళ్ళి తలుపు తట్టింది.

భ్రమరాంబ తలుపు ఓరగా తెరిచింది. వెనక చలమయ్య బనీనుతో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. డ్యూటీకి వెళ్ళాల్సిన వేళ.

"పదిన్నరయ్యింది. ఆయన్ని తిప్పాల" అంది నూకాలు. "నా నడుం పడిపోనాది."

"నేనింక మీ ఇంటికొచ్చి ఏ మొహంతో దణ్ణం పెట్టనండి?"

నూకాలు నడుం మీద చెయ్యేసుకుని గుమ్మానికి ఆనుకుంది.

"నాకూ సరీగా పెట్టడం రాదు" అంది. "మొన్న ఒక్కసారి పెట్టేను, తిట్టినట్టే ఉంది. రా, ముందు ఆయన్ని తిప్పుదాం."